నా ముఖం, సువార్త పేరు

ప్రత్తిపాడు నుంచి గుంటూరు వచ్చే బస్సు మిర్చి యార్డు దగ్గరికి రాగానే లోపలున్న వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు దగ్గడం మొదలుపెడతారు. కాయ యార్డుకొచ్చే నెలల్లో ఇది రోజూ జరిగేదే. కిటికీ పక్కవాళ్లు అద్దం మూస్తారు, ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు, కండక్టరు టిక్కెట్టు చించుతూ చించుతూ మూడుసార్లు తుమ్ముతాడు. నేను మాత్రం నా కిటికీ తెరిచే ఉంచుతాను. మంగళగిరిలో నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రికి ఇరవై ఏళ్లుగా ఈ దారినే వెళ్తున్నాను. ఎండుమిరపకాయ ఘాటు నాకు దగ్గు తెప్పించదు, కోపం తెప్పిస్తుంది. ఆ కోపానికి ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి, అయినా నిన్నటి కోపంలాగే ఆరోగ్యంగా ఉంది. దాని సంగతి చెప్పాలంటే మా బోర్డింగు సంగతి చెప్పాలి.

మా బోర్డింగు చిలకలూరిపేట వెళ్లే రోడ్డు పక్కన, నల్లరేగడి చేల మధ్య ఉండేది. గేటు మీద అనాథ బాలల ఆశ్రమం అని రాసి ఉండేది గాని, ఆ మాట మేమూ అనలేదు, ఊళ్లోవాళ్లూ అనలేదు. అందరికీ అది బోర్డింగు, మేము బోర్డింగు పిల్లలం. ఒకవైపు పత్తి చేలు, ఒకవైపు మిరప చేలు, వెనక ఒక పెద్ద కళ్లం. వానాకాలంలో గేటు నుంచి బడికి వెళ్లేసరికి రేగడి మట్టి కాళ్లకు అంటుకుని, అంటుకుని, మనిషి ఎత్తు నాలుగంగుళాలు పెరిగేది. బడి మెట్ల మీద కూర్చుని పుల్లతో ఆ మట్టి చెక్కుకోవడమే మా మొదటి పిరియడు. చలికాలం వస్తే మిల్లులకు పత్తి తీసుకెళ్లే లారీలు రోడ్డంతా నిండుగా పోయేవి. ఎత్తుగా పేర్చి కట్టిన గోనె బస్తాల నుంచి పత్తి పింజలు ఊడి రోడ్డు పక్క తుమ్మముళ్లకు చిక్కుకునేవి. సంక్రాంతి దాటితే ఆ తుమ్మచెట్లు అన్నీ తెల్లగా పూసినట్టు ఉండేవి. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల కళ్లాలన్నీ ఎర్రగా మిరపకాయలే, ఆ ఎరుపు మా గోడల మీద, మా తెల్లబట్టల మీద, మధ్యాహ్నం పూట మా ముఖాల మీద కూడా పడేది.

ఈ బోర్డింగు ఎలా మొదలైందో ప్రతి ఏటా వార్షికోత్సవం రోజున చెప్పేవాళ్లు కాబట్టి నాకు కంఠతా వచ్చు. మా అయ్యగారు ఒక చిన్న సంఘానికి పాస్టరు. ఒక తుఫాను తర్వాత సముద్రం ఒడ్డు ఊళ్లలో సాయం చేయడానికి వెళ్లి, ఎవరూ లేని ముగ్గురు పిల్లల్ని బస్సెక్కించుకుని ఇంటికి తెచ్చాడట. అమ్మగారు, అంటే ఆయన భార్య, ఆ పూట చారులో రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోసి అందరికీ సరిపెట్టిందట. ఈ మాట దగ్గర సభలో అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నేను కొట్టేదాన్ని కాదు. ఆ ఎక్కువ పోసిన నీళ్లు ఆ తర్వాత మేము ఎంతమందిమైనా చారులో అలాగే ఉండిపోయాయని నా అభిప్రాయం.

అయ్యగారు ఆ ముగ్గురి గురించి ఒక తెల్ల నర్సుకి ఉత్తరం రాశాడు. ఆవిడ ఒకప్పుడు ఇక్కడి మిషను ఆస్పత్రిలో పనిచేసి తన దేశం వెళ్లిపోయింది. ఆవిడ ఆ ఉత్తరాన్ని తన ఊరి చర్చిలో చదివి వినిపిస్తే, చలికి కోట్లు కప్పుకుని బల్లల మీద కూర్చున్న పదిమంది ముసలమ్మలు ఒక సంఘం పెట్టారు. సముద్రం అవతల పుట్టిన మా సంస్థ అదే. తాటాకు పాక పోయి పెంకుటిల్లు వచ్చింది, పెంకుటిల్లు పక్కన వసారా వచ్చింది, బోరింగు వచ్చింది, ఆడపిల్లలకు వేరే గది వచ్చింది. నన్ను మా మేనత్త తెచ్చి దించేనాటికి పిల్లలు ముప్పైమంది. నేను చదువు ముగించి వెళ్లేనాటికి వందకు దగ్గర పడ్డారు. ఒంగోలు వైపు ఇంకో బోర్డింగు, ఆపైన వేరే దేశాల్లో కూడా ఇలాంటివి వెలిశాయని విన్నాం. ఇంత పెద్ద చెట్టుకి వేరు ఎక్కడుందంటే ఉత్తరాల్లో ఉంది. ప్రతి పిల్లకీ ఒక నంబరు ఉండేది. ఆ నంబరూ పేరూ సుద్దముక్కతో పలక మీద రాసి, ఆ పలక గుండెలకు ఆనించుకుని నిలబెట్టి ఫోటో తీసేవాళ్లు. ఆ ఫోటో అక్కడికి వెళ్తే, అక్కడ ఎవరో ఒకరు దాన్ని చూసి, ఈ పిల్ల నాది అని ఎంచుకునేవాళ్లు. అలా ఎంచుకున్నావిడని మేము దొరసానమ్మ అనేవాళ్లం. మగవాళ్లు ఎంచుకున్నా దొరసానమ్మే.

నేను వచ్చిన నాలుగోరోజున ఫోటోగ్రాఫరు వచ్చాడు. నాకు ఆరేళ్లు. ఆయన చిలకలూరిపేట నుంచి స్కూటరు మీద ఏడాదికి ఒక్కసారే వచ్చేవాడు, వెంట చుట్టిన నీలం తెర ఒకటి తెచ్చేవాడు. ఆ ముందురోజు సాయంత్రం పిల్లలంతా వెనక కళ్లంలోకి వెళ్లారు. ఆ కళ్లం కోటయ్య గారిది. కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తే ఆ తాలు మొత్తం మా వంటింటికి ఇచ్చేవాడు, మా కూరల్లో ఏడాది పొడుగునా కారం అదే. ఏరిన చేతులతో కళ్లు ముట్టుకోకూడదని అక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ పాలు తాగే వయసులోనే తెలుస్తుంది. నా ఈడుదే అయిన సువార్తకు తెలియలేదు. అది తీరం ఊరి పిల్ల, చేపలు తెలుసు గాని మిరపకాయలు తెలియవు. రెండు చేతులతో రెండు కళ్లూ నలుపుకుంది. మజ్జిగ పోశారు, కొబ్బరినూనె రాశారు, తెల్లారేసరికి దాని ముఖం పొంగిన బూరెలా తయారైంది, కళ్లున్న చోట రెండు గీతలు మిగిలాయి.

సువార్త నంబరు ఇరవైమూడు. దాని కాగితాలు అప్పటికే అక్కడికి వెళ్లాయి, ఫోటో ఒక్కటే బాకీ. మా మేట్రను రాహేలమ్మ గారు మంచిదే గాని తొందర మనిషి, పైగా ముక్కుపొడి అలవాటు, డబ్బీ కోసం బొడ్లో తడుముకుంటూ ఆలోచించేది. ఆ రోజు కూడా తడుముకుంది, వరస చివర నిలబడ్డ నన్ను చూసింది, నాకు ఇంకా నంబరు పడలేదని గుర్తొచ్చింది. సువార్త ఎత్తే నేను, సువార్త రంగే నేను. సువార్త పలక తెచ్చి నా చేతికిచ్చింది.

"ఇది పట్టుకుని నవ్వవే."

నాకు అప్పటికి చదవడం రాదు. పలక ఇస్తున్నారంటే నన్ను బళ్లో వేస్తున్నారనుకుని, ముందుపళ్లు రెండూ లేని నోరంతా తెరిచి నవ్వాను. జన్మలో నేను ఫిర్యాదు లేకుండా నవ్విన నవ్వు అదొక్కటే, అది కూడా నా పేరు మీద లేదు.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. డోరతి అనే ఆవిడ, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఇరవైమూడో నంబరు పిల్లని ఎంచుకుంది. ఆ నవ్వు చూసి ఎంచుకున్నానని, ఫోటోని వంటింట్లో కిటికీ పక్కన పెట్టుకున్నానని రాసింది. ఉత్తరంతో పాటు ఒక పార్శిలు, దాంట్లో పసుపురంగు జుట్టున్న బొమ్మ. బొమ్మ పడుకోబెడితే కళ్లు మూసుకునేది. వేపచెట్టు కింద అయ్యగారు పేర్లు పిలిచి పార్శిళ్లు పంచుతుంటే, సువార్త లేచి వెళ్లి బొమ్మ తెచ్చుకుంది. అప్పటికి నాకు జరిగింది అర్థమైంది. అప్పటికి నాకు నంబరు కూడా పడింది, ముప్పైఒకటి.

తప్పు ఇక్కడితో ఆగితే నేను క్షమించేదాన్నేమో, ఆ ఏడు కాకపోతే మరో ఏడు. కాని మరుసటి ఏడు ఫోటోగ్రాఫరు వచ్చినప్పుడు రాహేలమ్మ గారికి భయం పట్టుకుంది. ఒకసారి పంపిన ముఖం మారిస్తే అక్కడివాళ్లు అనుమానపడతారు, బోర్డింగు మొత్తానికి చెడ్డపేరు వస్తుంది, అయ్యగారు తనను పంపించేస్తారు. కాబట్టి మళ్లీ నేనే ఇరవైమూడు పలక పట్టుకున్నాను. ఇక ముప్పైఒకటో పలక ఎవరు పట్టుకోవాలి? నా ముఖం అయిపోయింది కాబట్టి సువార్త ముఖం పెట్టారు. సువార్తకి ఫోటో అంటే బిగుసుకుపోయే జబ్బు, పోలీసు స్టేషనులో నిలబడ్డట్టు నిలబడేది. ఆ ముఖాన్ని ఎంచుకోవడానికి మనుషులెవరూ ముందుకు రాక, చివరికి ఒక సండే స్కూలు క్లాసువాళ్లు ఉమ్మడిగా ఎంచుకున్నారు. వాళ్లు ఏడాదికొక కార్డు పంపేవాళ్లు. కార్డు మీద మంచు, మంచులో ఒక పిట్ట. ప్రతి ఏడూ అదే పిట్ట. నా ముఖానికి బొమ్మలు, రంగుపెన్సిళ్లు, ఊలు స్వెట్టరు వస్తుంటే అవి సువార్తకు వెళ్లేవి. సువార్త ముఖానికి పిట్ట వస్తుంటే అది నాకు వచ్చేది. గుంటూరు ఎండల్లో ఊలు స్వెట్టరు ఎవరికీ అక్కరలేదు, అది నాకూ తెలుసు. అయినా అది నా స్వెట్టరు.

శనివారం మధ్యాహ్నం ఉత్తరాల పూట. తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ, వసారాలో బారుగా బోర్లా పడుకుని రాసేవాళ్లం. మేము తెలుగులో రాస్తే అయ్యగారు ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఆయన కళ్లద్దాలకు ఒక కాడ ఊడి దారంతో కట్టి ఉండేది, రాస్తున్నంత సేపూ బుగ్గన లవంగం పెట్టుకునేవాడు, మా ఉత్తరాలకు ఎప్పుడూ లవంగం వాసన వేసేది. నేను రెండే వాక్యాలు రాసేదాన్ని. మీ కార్డు అందింది. పిట్ట బాగుంది. సువార్త మాత్రం పేజీలు పేజీలు రాసేది. దానికి మాట్లాడటం తక్కువ, రాయడం ఎక్కువ. రాసింది ఎవరికీ చూపించేది కాదు. నాతో మాత్రం ఒక అవసరం పడేది. ఒక శనివారం పెన్సిలు చెవిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నోరు తెరువే, చూడాలి."

"ఎందుకు?"

"పళ్లు వచ్చాయా అని అడిగింది. నావి ఇంకా ఊడనేలేదుగా, నీవి చూసి రాయాలి."

నేను నోరు గట్టిగా మూసుకున్నాను. అది రంగుపెన్సిళ్లలో ఎరుపుది ఇస్తానంది. నేను తెరిచాను. ఒక పన్ను సగం వచ్చింది, ఇంకోటి వంకరగా వస్తోంది అని అది రాసుకుంది. అంత జాగ్రత్తగా ఈ నలభై ఏళ్లలో ఏ డాక్టరూ నా నోరు చూడలేదు. ఎరుపు పెన్సిలు అప్పటికే సగం అరిగిపోయి ఉందని నాకు సాయంత్రం తెలిసింది.

ఇదంతా చెప్తే మేమేదో శత్రువుల్లా పెరిగామనుకుంటారు. లేదు. ఒకే చాప మీద పడుకునేవాళ్లం, తొక్కుడుబిళ్లలో ఒకే జట్టు, అచ్చనగండ్లలో దాన్ని ఓడించినన్ని సార్లు నేను ఇంకెవర్నీ ఓడించలేదు. డిసెంబరు వస్తే వెదురుబద్దలతో నక్షత్రాలు కట్టి, ఎర్రకాగితం అతికించి, మంచులో పాటలు పాడుకుంటూ చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాళ్లం. ఏ ఇంట్లో ఏం పెడతారో నాకు ఇప్పటికీ గుర్తే. పెద్దగేటు వాళ్లు అరిసెలు పెట్టేవాళ్లు, అవి రాళ్లు. కోటయ్య గారి భార్య, వాళ్లు గుడికెళ్లేవాళ్లయినా సరే, మా పాట పూర్తిగా విని వేడివేడి చక్రాలు పళ్లెం నిండా పోసేది. క్రిస్మస్ నాటకంలో సువార్తకు మరియ వేషం, నాకు గొర్రె వేషం. మూడేళ్లు వరసగా గొర్రె. నాలుగో ఏడు అడిగితే పెద్ద గొర్రెని చేశారు. ఆ తర్వాత కోత పండగ. చర్చి గుమ్మం ముందు గుమ్మడికాయలు, పత్తి బుట్టలు, మిరపకాయల బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు కుప్పలుగా చేరేవి, అన్నిటినీ వేలం వేసేవాళ్లు. మస్తాన్ తాత అని ఊళ్లో పరుపులకు దూది ఏకే ముసలాయన ఉండేవాడు, ఆయన ప్రతి ఏడు ఆ వేలానికి వచ్చి ఒక్క గుమ్మడికాయ పాడుకుని, అందరికీ నమస్కారం పెట్టి, దాన్ని నెత్తిన పెట్టుకుని వెళ్లేవాడు.

చలికాలం సాయంత్రాల్లో సువార్త ఒక్కతే తుమ్మచెట్ల వెంట తిరిగేది. ముళ్లకు చిక్కుకున్న పత్తి పింజలు ఒక్కొక్కటీ తీసి పరికిణీ ఒళ్లో వేసుకుని, తెచ్చి పెట్టె వెనక పాతగోనెలో కుక్కేది. దిండు కోసమంది. మాకెవరికీ దిండ్లు లేవు, ఇదేమన్నా దొరసానా అని నాకు ఒళ్లు మండి, అది లేనప్పుడు గోనెలోంచి గుప్పెళ్లు తీసి, గొర్రె వేషానికి తోకకు, చెవులకు వాడుకున్నాను. అది చూసింది. మళ్లీ ఏరుకుంది. అలా నాలుగు చలికాలాలు.

మాకు పన్నెండేళ్లప్పుడు పెంకుటిల్లు పక్కన స్లాబు వేసిన రెండంతస్తుల భవనం లేచింది. దాని ప్రారంభానికి అక్కడి సంఘంవాళ్లు నలుగురు వస్తారని, అందులో డోరతి గారు ఉన్నారని, ఆవిడ తన ఇరవైమూడో నంబరు పిల్లని చూడటానికే వస్తోందని అయ్యగారు వేపచెట్టు కింద చదివి వినిపించాడు. అందరూ సువార్త వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. రాహేలమ్మ గారు మాత్రం బొడ్లో డబ్బీ కోసం తడుముకుంది.

ఆ సాయంత్రం మా ఇద్దర్నీ వంటింటి వెనక్కి పిలిచింది. డోరతి గారి ముందు నిలబడాల్సింది ఎస్తేరు అంది. ఎస్తేరు అంటే నేను. ఫోటోల్లో ముఖం అదే కదా, ఆ ఒక్క పూటకీ పేరు సువార్త అని చెప్పుకోవాలి, సువార్త వరసలో వెనక నిలబడాలి.

"నేను నిలబడను," అన్నాను.

"ఏం, ఒక్క పూట పేరు మార్చుకుంటే అరిగిపోతావా?"

"ఆరేళ్ల నుంచి అరుగుతూనే ఉన్నానుగా మేట్రనమ్మా."

ఆవిడ నన్ను కొట్టబోయి, ఆగి ఏడ్చింది. తనకు ఈ బోర్డింగు తప్ప వేరే ఇల్లు లేదంది. అప్పుడు నేను ఒప్పుకున్నట్టు తల ఊపాను గాని, లోపల ఒప్పుకోలేదు. నన్ను చూసి, నా నవ్వు చూసి ఎంచుకుని, నా కోసం సముద్రం దాటి వస్తున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆవిడ నన్ను ఇంకొకరి పేరుతో పిలిస్తే పలకాలా? ఆ వారమంతా ఇంగ్లీషు మాస్టారి దగ్గర ఒక్క వాక్యం నేర్చుకున్నాను. బోరింగు కొట్టుకుంటూ, అంట్లు తోముకుంటూ దాన్నే వల్లించాను. సువార్త ఆ వారం సరిగా తినలేదు. చాప మీద పక్కకు తిరిగి ఒక్కటే అడిగింది.

"నువ్వే నిలబడవే. కాకపోతే ఆమె గొంతు ఎట్లా ఉందో నాకు చెప్పు."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నా తప్పులు కూడా నేను మర్చిపోను, అందులో అది ఒకటి.

వ్యాను వచ్చింది. బ్యాండుమేళం, కనకాంబరాల దండలు, ఎండకి ఎర్రగా కమిలిన నలుగురు మనుషులు. డోరతి గారు పొట్టి మనిషి, తెల్లజుట్టు, చేతిలో పాత తోలుసంచి. దిగీ దిగగానే వరసలో నన్ను పట్టేసింది. ఎవరూ చూపించకుండానే, అంతమంది ముఖాల్లో. వచ్చి రెండు చేతులతో నా బుగ్గలు పట్టుకుని, వాళ్ల యాసలో సువార్తా అంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. అంత దగ్గరగా ఎవరైనా నా ముఖం పట్టుకుని ఎన్నాళ్లయిందో నాకు తెలియదు, ఒక్క క్షణం ఆ పేరు నాదైపోతే ఏం పోయింది అనిపించింది కూడా. అయినా నేను చెప్పాను.

"మై నేమ్ ఈజ్ ఎస్తేరు."

రాహేలమ్మ గారు దగ్గింది. అది నా ముద్దుపేరేదో అనుకుని కాబోలు డోరతి గారు నవ్వి, ఏదో అడిగింది. మిగతా అతిథుల్ని దింపి అప్పుడే దగ్గరికొచ్చిన అయ్యగారు దాన్ని తెలుగు చేశాడు, దిండు నిండిందా అని అడుగుతున్నారమ్మా అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏ దిండు అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. ముళ్లకు చిక్కుకున్న పత్తితో నా కోసం కుడుతున్నానని నాలుగేళ్లుగా రాస్తున్నావే, ఆ దిండు, అంది. అయ్యగారు ఆ మాట తెలుగులో చెప్తుండగానే వెనక వరసలో కదలిక వచ్చింది. సువార్త వరసలోంచి బయటికి వచ్చి గదిలోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి దాని చేతుల్లో దిండు ఉంది. మస్తాన్ తాత ఆ పత్తి అంతా ఏకి, పూలగుడ్డతో కుట్టి ఇచ్చాడట, మాకెవరికీ తెలియదు. సువార్త ఆ దిండు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది, పలక పట్టుకున్నట్టే.

"నిండిందండీ," అంది.

డోరతి గారు తోలుసంచిలోంచి ఆరు ఫోటోలు తీసింది. ఫోటోలు చూసింది, నన్ను చూసింది, దాన్ని చూసింది. అయ్యగారు కళ్లద్దాలు తీసి రాహేలమ్మ గారి వైపు తిరిగాడు. అంతవరకూ ఆయనకు నిజంగా తెలియదు. రాహేలమ్మ గారు అక్కడే, బ్యాండువాళ్ల ముందే, మిరపకాయల దగ్గర్నుంచి మొత్తం చెప్పేసింది. అయ్యగారు ఇంగ్లీషులో చెప్తున్నకొద్దీ డోరతి గారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది. కొత్త భవనం మెట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె అన్న మాటను అయ్యగారు మా అందరికీ గట్టిగా చెప్పాడు.

"ఆరేళ్లుగా ఒక పిల్లకి ఉత్తరాలు రాశాను, ఇంకో పిల్ల ఫోటోకి ముద్దు పెట్టుకున్నాను అంటున్నారు."

అందరూ నవ్వారు. రాహేలమ్మ గారు కూడా నవ్వింది, ఆవిడను ఎవరూ ఎక్కడికీ పంపించలేదు. మా ఇద్దర్నీ చెరో పక్క కూర్చోబెట్టుకుని డోరతి గారు ఫోటో దిగింది. ఇక సంచిలోంచి చిన్న పెట్టె తీసింది. లోపల చేతిగడియారం. ఒక్కటే. అది మా ఇద్దరి మధ్యా ఒక్క నిమిషం ఆగింది. తర్వాత సువార్త చేతికి కట్టింది. ముఖాన్ని చూసి ఎంచుకోవచ్చు గాని, తనకు తెలిసిన పిల్ల ఉత్తరాల్లో ఉన్న పిల్లే అంది. న్యాయమే. న్యాయమైన అవమానాలు మామూలు వాటికంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. నాకు సంచి అడుగున మిగిలిన బిస్కెట్ పొట్లం ఇచ్చింది, అందులో సగం పొడి. అది ఇస్తూ నా వైపు వంగి ఒక మాట చెప్పింది. అయ్యగారు తెలుగు చేశాడు.

"నీ ముఖం తప్ప నీ గురించి నాకేమీ తెలియదు ఎస్తేరూ, నువ్వే రాయి అంటున్నారు."

నా పేరు పెట్టి పిలిచింది. దీర్ఘం తప్పు చోట తీసింది, అయినా అది నా పేరే.

ఆ శనివారం నేను నాలుగు పేజీలు రాశాను. నా గురించి చెప్పమంటే నా దగ్గర ఉన్నది ఫిర్యాదులే, అవే రాశాను. చారులో నీళ్లు. తాలుకాయల కారంతో కడుపుమంట. ఆడపిల్లల స్నానాల గదికి గడియ లేదు, లోపల ఒకరుంటే బయట ఒకరు తలుపు పట్టుకుని నిలబడాలి. తలుపు పట్టుకునే వంతు ఎప్పుడూ నాదే. మూడేళ్లు గొర్రె వేషం. బొమ్మ. ఎరుపు పెన్సిలు. మంచులో పిట్ట. అయ్యగారు జ్వరం వచ్చిన పిల్లని ప్రార్థన చేసి పడుకోమంటారు గాని డాక్టరు దగ్గరికి రెండోరోజు గాని తీసుకెళ్లరు. ఇదంతా ఆదివారం ఆయనే కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాలని నాకు రాసేటప్పుడు తట్టలేదు. తట్టాక వెళ్లి స్తంభం చాటు నుంచి చూశాను. లవంగం బుగ్గ మార్చుకుంటూ, ఒక్కొక్క పేజీ తిరగేస్తూ, మామూలుగా రాస్తూనే ఉన్నాడు. నా వైపు చూడలేదు. అంటే నా ఫిర్యాదులు సగానికి సగం మింగేశాడనే అనుకున్నాను.

రెండు నెలల తర్వాత స్నానాల గదులకు గడియలు వచ్చాయి. చిలకలూరిపేట నుంచి ఒక డాక్టరు ప్రతి బుధవారం రావడం మొదలైంది. ఫోటోలకు పలకలు తీసేశారు, పిల్లల్ని నంబర్లతో పిలవడం మానేశారు. వేరే దేశాల్లోని బోర్డింగుల్లో కూడా అలాగే మానేశారని తర్వాత తెలిసింది. సంస్థ చరిత్ర చెప్పేవాళ్లు తుఫాను దగ్గర మొదలుపెట్టి ముసలమ్మల దాకా అందర్నీ పొగుడుతారు, గడియల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. చారు కూడా కాస్త చిక్కబడింది. నాకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా నెలకొక ఉత్తరం రాశాను. ప్రతి దాంట్లో కనీసం మూడు ఫిర్యాదులు. ఆవిడ ప్రతి దానికీ జవాబు రాసింది, ఎస్తేరుకి అని కవరు మీద పెద్దక్షరాలతో.

ఇప్పుడు ఆ బోర్డింగు లేదు. పిల్లల్ని ఇళ్ల నుంచి విడదీసి ఒకచోట పెట్టడం కంటే బంధువుల ఇళ్లలోనే ఉంచి చదివించడం మేలని సంస్థవాళ్లు నిర్ణయించుకున్నారు. మంచి నిర్ణయమే, నేను కూడా ఒకప్పుడు రాసిందే. రెండంతస్తుల భవనంలో ఏదో కోచింగు సెంటరు నడుస్తోంది, కోటయ్య గారి కళ్లంలో కోల్డ్ స్టోరేజీ లేచింది. రోడ్డు నాలుగు వరసలు చేసినప్పుడు తుమ్మచెట్లు కొట్టేశారు. లారీలు పత్తికి గట్టిగా టార్పాలిన్ కప్పి తీసుకెళ్తాయి, ఒక్క పింజ కింద పడదు. సువార్త ప్రత్తిపాడు బళ్లో టీచరు, మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది. గడియారం ఎప్పుడో ఆగిపోయినా పెట్టుకునే తిరుగుతుంది, నన్ను ఉడికించడానికే.

పోయిన నెల డోరతి గారి మేనకోడలు ఆవిడ పెట్టెలో దొరికిన మా ఉత్తరాలన్నీ కట్టలు కట్టి మాకు పంపించింది. సువార్త కట్ట దానికిచ్చేసి నా కట్ట విప్పాను. నా మొదటి ఉత్తరానికి అయ్యగారి ఇంగ్లీషు కాగితాలు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. ఇప్పుడు నాకు ఇంగ్లీషు వచ్చు. వాక్యం వాక్యం పోల్చుకుంటూ, ఎక్కడ మింగేశాడో పట్టుకుందామని కూర్చున్నాను. చారు ఉంది. గొర్రె ఉంది. ఎరుపు పెన్సిలు సగం అరిగి ఉందన్న మాట కూడా ఉంది. ఆయన మీద రాసిన జ్వరం సంగతి, నేను రాసినదానికంటే కాస్త స్పష్టంగానే ఉంది. ఒక్క మాట వదల్లేదు. చివర నా పేరు కింద, చిన్న అక్షరాలతో, ఆయన సొంతంగా ఒక వాక్యం చేర్చాడు.

ఈ పిల్ల రాసినవన్నీ నిజం.

సువార్తకు ఫోను చేసి చదివి వినిపించాను. ఇప్పటికైనా నీ మనసు చల్లబడిందా అంది. చల్లబడలేదు. ఆ వాక్యం ఆయన ఆ ఆదివారమే, స్తంభం చాటు నుంచి నన్ను పిలిచి, నాతో చెప్పి ఉండవచ్చు. పన్నెండేళ్ల పిల్లకి ఆ మాట ఎంత అవసరమో ఆయనకు తెలియాలి. ఇది నేను రాసిపెట్టుకున్నాను. తేదీ వేసి, వరసగా, అన్ని వివరాలతో. పంపడానికి ఆయన లేడు, చదవడానికి ఆవిడ లేదు, శనివారం మధ్యాహ్నం వసారాలో బోర్లా పడుకుని రాసే పిల్లలూ లేరు. అయినా ఫిర్యాదు ఫిర్యాదే.